లేపాక్షికి ఒకరోజు: చద్దిమూటలో ఏం పెట్టాలి, వెళ్లేలోపు ఏం చదవాలి?

హెబ్బాళ_వంతెన అడిగారు:

వచ్చే ఆదివారం బెంగళూరు నుంచి లేపాక్షి వెళ్లి అదే రోజు తిరిగి రావాలి. మొత్తం నలుగురం. మేమిద్దరం, 70 దాటిన అత్తయ్యగారు, 9 ఏళ్ల పాప. అత్తయ్యగారు బయట భోజనం చేయరు కాబట్టి చద్ది కట్టుకెళ్లాల్సిందే. మూడు సందేహాలున్నాయి.

ఒకటి, తిండి. పులిహోర పొద్దున కలిపితే ఒంటిగంటకల్లా మెతుకు బిరుసెక్కిపోతోంది. దద్ధ్యోజనం పుల్లబడిపోతోంది. లోపం ఎక్కడ? కొలతలతో చెబితే మేలు.

రెండు, కారా రైలా? యలహంక స్టేషను మాకు దగ్గరే.

మూడు, చదువు. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి, నంది ముందు ఫొటో తీసుకుని వచ్చేయడం ఇష్టం లేదు. ఇంకా 5 రాత్రులున్నాయి, రోజుకు అరగంట చదవగలం. గ్రాంథికం మరీ గట్టిగా ఉంటే మావల్ల కాదు. పాపకు బడిలో కన్నడం, ఇంగ్లీషు. తెలుగు వింటుంది గానీ చదవలేదు. ఏం చదివి చెప్పాలి?

---

ఇంగువ_డబ్బా:

పులిహోర సంగతి నేను చెబుతాను, మిగతావి తెలిసినవాళ్లు చెబుతారు.

మెతుకు బిరుసెక్కడానికి పొడిపొడిగా రావాలని నీళ్లు తగ్గించడమే ముఖ్య కారణం. వేడి మీద మెత్తగా కనబడే అన్నం చల్లారేకొద్దీ గట్టిపడుతుంది, గంజి గుణమే అది. లోపల కాస్త పలుకు ఉన్న మెతుకైతే మధ్యాహ్నానికి గింజలా తయారవుతుంది. ఇంకో సంగతి చాలామంది గమనించరు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉంది, ఇక్కడ నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. నెల్లూరులోనో బెజవాడలోనో అలవాటైన లెక్కతో గిన్నెలో వార్చి దించితే మెతుకు ఒక పిసరు తక్కువ ఉడుకుతుంది. వేడిగా తినేస్తే తెలియదు, ప్రయాణంలో తెలుస్తుంది. కుక్కర్లో పెడితే ఈ గొడవ లేదు.

ఇక కొలత. 200 గ్రాముల బియ్యం పట్టే గ్లాసుతో 2 గ్లాసుల పాత సోనా మసూరి. కడిగి 20 నిమిషాలు నాననివ్వండి. కుక్కర్లో మూడున్నర గ్లాసుల నీళ్లు, ఒక చెంచా నువ్వుల నూనె. కొత్త బియ్యమైతే 3 గ్లాసుల నీళ్లు చాలు. ఆవిరి దానంతటది పోయాక మూత తీయండి. విజిల్ ఎత్తి బలవంతంగా వదిలితే అడుగు మెతుకు చితుకుతుంది.

వెడల్పాటి పళ్లెంలో అన్నం పరిచి వేడి మీదే ముప్పావు చెంచా పసుపు, 2 పెద్ద చెంచాల నువ్వుల నూనె, రెండు రెబ్బల పచ్చి కరివేపాకు వేసి అట్లకాడ వెనకవైపుతో విడదీయండి. వేడి మీద పడిన నూనె మెతుకు చుట్టూ పట్టుకుంటుంది కాబట్టి తడి పోదు. చల్లారాక పోసిన నూనె గిన్నె అడుక్కి దిగుతుంది తప్ప మెతుకుకు పట్టదు. బిరుసుకు రెండో కారణం ఇదే.

పులుసుకు 60 గ్రాముల చింతపండు, అంటే పెద్ద నిమ్మకాయలు రెండింటంత. గ్లాసు వేణ్నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి చిక్కగా పిసకండి. 4 పెద్ద చెంచాల నూనెలో ఆవాలు, సెనగపప్పు, మినప్పప్పు, 6 ఎండుమిర్చి, 5 చీల్చిన పచ్చిమిర్చి, పావు చెంచా ఇంగువ వేయించి, గుజ్జు పోసి, రెండున్నర చెంచాల ఉప్పు, ఉసిరికాయంత బెల్లం వేయండి. సన్నమంట మీద 12 నుంచి 15 నిమిషాలు. గరిటె పక్కకు లాగితే గిన్నె అడుగు ఒక్క క్షణం కనబడి, అంచుల్లో నూనె తేలాలి. అంతకు ముందే దించితే నీటి తడి మిగిలి, మధ్యాహ్నానికి అదో మాదిరి వాసన వేస్తుంది. నాలుక మీద చుక్క వేసుకుంటే ఉప్పు, పులుపు రెండూ ఎక్కువైనట్టు తోచాలి. అన్నం రెండింటినీ తాగేస్తుంది.

అన్నం గోరువెచ్చగా ఉన్నప్పుడు కలిపి, పూర్తిగా చల్లారాకే డబ్బా మూత పెట్టండి. వేడి మీద పెడితే మూతకు పట్టిన ఆవిరి నీటిబొట్లయి పైపొర మీద పడుతుంది, చెడడం అక్కణ్నుంచే మొదలు. వేరుసెనగపప్పు వేయించి చిన్న డబ్బాలో విడిగా పెట్టుకుని తినేముందు కలపండి. పొద్దున్నే కలిపితే మధ్యాహ్నానికి ఉడకబెట్టిన పప్పే.

నిమ్మకాయ పులిహోర మాత్రం ఈ ప్రయాణానికి వద్దు. వేడి అన్నంలో పిండితే చేదు, చల్లారాక పిండితే అన్నమంతటికీ సమంగా పట్టదు. చింతపండు పులుపు మెతుకు మెతుకుకూ పడుతుంది కాబట్టే గుళ్లో ప్రసాదం పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలుస్తుంది. ఏమీ కలపని ఉత్త అన్నం డబ్బాలో పెట్టి కారులో 7 గంటలు తిప్పడం కూడా మంచిది కాదు. ఉడికినా చావని సూక్ష్మజీవుల బీజాలు బియ్యంలో ఉంటాయి, గోరువెచ్చటి అన్నంలో అవి మళ్లీ లేస్తాయి. పులుపులో వాటి ఆట సాగదు.

---

కిటికీ_సీటు:

రైలుకే నా ఓటు, అందులోనూ మీది యలహంక. బెంగళూరు నుంచి హిందూపురం వైపు బళ్లు యలహంక, దొడ్డబళ్లాపురం, గౌరిబిదనూరు మీదుగా వెళ్తాయి. దాదాపు 2 గంటల ప్రయాణం. మెమూ (దగ్గరి ఊళ్ల మధ్య నడిచే కరెంటు బండి) కూడా ఉంది గానీ ఆదివారం అది నడుస్తుందో లేదో ముందురోజు చూసుకోండి, కొన్ని బళ్లకు వారంలో ఒకరోజు సెలవుంటుంది. హిందూపురంలో దిగాక లేపాక్షి 15 కిలోమీటర్లు. బస్టాండు నుంచి బస్సులుంటాయి. పెద్దావిడ ఉన్నారు కాబట్టి ఆటో రానూ పోనూ మాట్లాడుకోవడం నయం. ఎంతసేపు ఆగాలో ముందే చెప్పండి, కనీసం 4 గంటలు. “గంటలో చూసేయొచ్చు” అంటాడు ఆటో అతను, తలూపకండి.

కారయితే హెబ్బాళ, దేవనహళ్లి, చిక్కబళ్లాపురం, బాగేపల్లి దాటి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి వదిలి ఎడమకు తిరగాలి. అక్కణ్నుంచి సుమారు 16 కిలోమీటర్లు. మొత్తం 120 దాకా వస్తుంది, రెండున్నర గంటలు వేసుకోండి. చిక్కు ఏమిటంటే ఆదివారం తెల్లవారుజామున నందికొండకు (నంది హిల్స్) సూర్యోదయం చూడబోయే జనమంతా ఇదే దారిలో ఉంటారు. 5లోపు దేవనహళ్లి దాటాలి, లేదంటే 7 దాకా ఆగి బయల్దేరాలి. సాయంత్రం దేవనహళ్లి 4కల్లా దాటకపోతే హెబ్బాళ దగ్గర ఇరుక్కుంటారు. ఆ సంగతి మీ పేరే చెబుతోంది.

దారి ఏదైనా 9కల్లా గుళ్లో ఉండేలా చూసుకోండి. అంతా బండే, చెప్పులు బయటే. 11 దాటితే ప్రాంగణంలో కాలు పెట్టలేం. అత్తయ్యగారికి మందపాటి నూలు మేజోళ్లు తీసుకెళ్లండి. నైలానువి నున్నటి రాయి మీద జారతాయి.

---

పాత_అట్ట:

ఎన్ని పుస్తకాలైనా చెప్పవచ్చు గానీ 5 రాత్రుల్లో అయ్యేది చెబుతాను. లేపాక్షిలో చదువుకుని వెళ్తే కళ్లకు కొత్తగా కనబడేది పైకప్పు. నాట్యమండపం, ముఖమండపాల కప్పు మీద విజయనగర కాలపు వర్ణచిత్రాలున్నాయి, నేల చూపులతో నడిచేవాళ్లకు ఒక్కటీ కనబడదు. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల్లో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి ఇది. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో చేరింది.

బొమ్మల్లో కథలు చాలా ఉన్నాయి. మీరు నాలుగు పట్టుకోండి.

మొదటి రాత్రి దక్షయజ్ఞం. గుడి వీరభద్రుడిది కాబట్టి ఆయన ఎందుకు పుట్టాడో తెలియకుండా వెళ్లకూడదు. పోతన భాగవతం నాలుగో స్కంధంలో ఉంది. తితిదే వాళ్ల ప్రచురణ తాత్పర్యాలతో వారి సైటులో ఉచితంగానే దొరుకుతుంది. తాత్పర్యం ముందు చదవండి, పద్యం తర్వాత పైకి చదవండి. తిరగేసి చేస్తే మూడో పద్యం దగ్గరే పుస్తకం మూసేస్తారు. మొత్తం ఘట్టం అక్కర్లేదు. సతీదేవి పుట్టింటికి బయల్దేరడం నుంచి దక్షుడికి మేక తల పెట్టడం దాకా చాలు.

రెండో రాత్రి గిరిజా కల్యాణం, మూడో రాత్రి కిరాతార్జునీయం, అంటే బోయవాడి వేషంలో వచ్చిన శివుడూ అర్జునుడూ ఒకే పందిని కొట్టి, అది నాదంటే నాదని పోట్లాడిన కథ. ఈ రెండూ ఒకే పుస్తకంలో కావాలంటే శ్రీనాథుడి హరవిలాసం. 7 ఆశ్వాసాల పుస్తకం, చివరిది కిరాతార్జునీయం. పాత ముద్రణలు ఇంటర్నెట్ ఆర్కైవ్ సైటులో (archive.org) స్కాన్లుగా ఉన్నాయి. ఫోనులో చదవబోతే అక్షరం చిన్నదై కళ్లు లాగుతాయి, కావలసిన 10, 12 పేజీలు అచ్చు తీయించుకోండి. మీరన్న “గట్టి గ్రాంథికం” ఇదే కాబట్టి వ్యాఖ్యానం లేని ప్రతి తీసుకోవద్దు. బరువనిపిస్తే కిరాతార్జునుల కథ భారతం అరణ్యపర్వం మొదట్లోనే ఉంది, నన్నయ చేతి భాగమే. అది ఇంకాస్త తేలిక.

నాలుగో రాత్రి మనునీతి చోళుడు. దీనికి పుస్తకం అక్కర్లేదు, నోటితో చెప్పండి. రాజకుమారుడి రథం కింద దూడ పడి చచ్చిపోతుంది. తల్లి ఆవు వచ్చి ధర్మగంట లాగుతుంది. రాజు కొడుక్కి అదే శిక్ష వేస్తాడు. పాపకు చెప్పాల్సిన మొదటి కథ ఇదే. బొమ్మలో రథం, ఆవు, గంట ఎక్కడున్నాయో వెతకమనండి, మెడ నొప్పి అనకుండా అరగంట చూస్తుంది.

అయిదో రాత్రి సెలవు. పొద్దున చింతపండు నానబెట్టాలిగా.

పాపకు పద్యం చదివి వినిపించేటప్పుడు అర్థం ఆపి ఆపి చెప్పకండి, నడక తెగిపోతుంది. కథ ముందు చెప్పేసి, ఒక్కటంటే ఒక్క పద్యం రెండుసార్లు చదవండి.

---

మజ్జిగ_కవ్వం:

దద్ధ్యోజనం పుల్లబడుతోందంటే మీరు పెరుగన్నం కట్టుకెళ్తున్నారన్నమాట. ప్రయాణానికి పెరుగన్నం కాదు, పాలన్నం కట్టుకెళ్లాలి. అది డబ్బాలోనే తోడుకుని మీరు తినే వేళకు పెరుగన్నం అవుతుంది.

ఒక గ్లాసు బియ్యం, 3 గ్లాసుల నీళ్లు, కుక్కర్లో మెత్తగా. వేడి మీదే పప్పుగుత్తితో మెదపండి. మెతుకు ఆనవాలు కొంచెం ఉండాలి, గంజి కాకూడదు. కాచిన పాలు 2 గ్లాసులు వేడిగానే పోసి కలపండి. ఇప్పుడది పాయసంలా జారుగా కనబడి మీకు భయం వేస్తుంది. అలాగే ఉండాలి. పాలన్నం గోరువెచ్చన అయ్యాక, చిటికెన వేలు పెడితే హాయిగా ఉండే వేడి, అప్పుడు కమ్మటి పెరుగు 2 చెంచాలు కలపండి. చెంచాలే, గరిటెలు కాదు. ఎండాకాలం ఒక చెంచా చాలు. డిసెంబరు, జనవరిలో బెంగళూరు చలికి 4 దాకా పడుతుంది. పాలు కాగుతున్నప్పుడే తోడు వేస్తే తోడు చచ్చి విరిగిన ముక్కలు తేలతాయి. మరీ చల్లారాక వేస్తే ఒంటిగంటకు కూడా పాలన్నంగానే ఉంటుంది.

ఉప్పు ఒక చెంచా. తాలింపులో ఆవాలు, అర అంగుళం అల్లం సన్నగా తరిగి, 2 పచ్చిమిర్చి, కరివేపాకు, ఇంగువ. తాలింపు చల్లారాకే కలపండి. ఉల్లిపాయ, కీరా లోపల వేయొద్దు, రెండూ నీరు వదులుతాయి. దానిమ్మ గింజలు తినేముందు. డబ్బాలో పైన రెండు వేళ్ల ఖాళీ ఉంచండి. ఒక చిన్న సీసాలో మజ్జిగ విడిగా పెట్టుకోండి, మెతుకు తాగేసి గట్టిపడితే పోసి కలపడానికి.

ఇంగువ_డబ్బా గారూ, అంతా బాగానే చెప్పారు గానీ పులిహోరలో ఆవ మాట ఎత్తలేదేం? గోదావరి వైపు ఆవ పెట్టకపోతే అది పులిహోరే కాదంటారు. చెంచా ఆవాలు, ఒక ఎండుమిర్చి, చిటికెడు ఉప్పు, కాస్త నీళ్లతో నూరి కలిపితే ఆ ఘాటే వేరు.

అత్తయ్యగారికి ఇంకొకటి చెబుతాను, రాగి అంబలి. 70 దాటినవాళ్లు ఎండలో పులిహోర రెండు ముద్దలకు మించి తినరు, అంబలి తాగుతారు. 4 పెద్ద చెంచాల రాగిపిండి గ్లాసు చన్నీళ్లలో కలిపి రాత్రంతా ఉంచండి. పొద్దున 3 గ్లాసుల నీళ్లు మరిగించి, ఆ పిండినీళ్లు మళ్లీ కలియదిప్పి సన్నధారగా పోస్తూ కలుపుతూనే ఉండండి. పొడిపిండి మరిగే నీళ్లలో వేస్తే ఉండ కడుతుంది, ఆ ఉండ లోపల పచ్చిపిండి అలాగే ఉంటుంది. 8 నుంచి 10 నిమిషాలకు రంగు ముదిరి, మెరుపు వస్తుంది. తడి చేత్తో ముట్టుకుంటే అంటకూడదు. పూర్తిగా చల్లారాక 2 గ్లాసుల పల్చటి మజ్జిగ, ఉప్పు. వేడి మీద మజ్జిగ పోస్తే విరుగుతుంది. చల్లారేకొద్దీ చిక్కబడుతుంది కాబట్టి పొయ్యి మీద ఉన్నప్పుడు మీకు నచ్చే చిక్కదనం కన్నా పల్చగా దించండి. సీసా నిండా పోసి బిరడా బిగించొద్దు. కారు ఎండలో నిలబడితే లోపల పులిసి, మూత తీయగానే చీర మీదే పడుతుంది.

---

ఇంగువ_డబ్బా:

కవ్వం గారూ, ఆవ కావాలనే వదిలేశాను. ఆవ పెట్టిన పులిహోర ఇంట్లో గంటలో తినేయడానికి అమృతమే. డబ్బాలో కట్టుకెళ్లేదానికి రెండు తిప్పలున్నాయి. నూరిన ఆవ ఘాటు గాలికి పోతూ ఉంటుంది, మధ్యాహ్నానికి ఘాటు పోయి చేదు మిగులుతుంది. వేడి పులుసులో పడితే అసలు ఘాటే ఎక్కదు, నేరుగా చేదుకే వెళ్తుంది. తప్పనిసరి అనుకుంటే నూరొద్దు. ఆవాలు పొడి కొట్టి చిన్న పొట్లం కట్టుకెళ్లి, తినేముందు రెండు చెంచాల నీళ్లలో 5 నిమిషాలు నానబెట్టి పైన కలుపుకోండి. అంతకన్నా నేను తగ్గను.

---

హెబ్బాళ_వంతెన:

అందరికీ వందనాలు. రైలే ఖాయం చేసుకున్నాం. ఇంకో రెండు మూడు చిన్న ప్రశ్నలు. పులిహోర పులుసు రాత్రే చేసి పెట్టుకోవచ్చా? పొద్దున బండికి 5:45కల్లా ఇల్లు కదలాలి. పొద్దున టిఫినుకు ఏం పట్టుకెళ్లాలి? ఎక్కడ కూర్చుని తినాలి? దారిలో విదురాశ్వత్థం కూడా చూడవచ్చంటున్నారు, కలుపుకోవచ్చా?

---

ఇంగువ_డబ్బా:

పులుసు రాత్రే చేయండి. నూనె తేలేదాకా ఉడికినది బయటే గాజుసీసాలో ఉంటుంది. రాత్రి ఉండి తెల్లారితే ఇంకా బాగుంటుంది, ఉప్పు, కారం, పులుపు సర్దుకుంటాయి. అన్నం మాత్రం రాత్రి వండి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. మెతుకు బిరుసెక్కడానికి ఫ్రిజ్‌ను మించింది లేదు.

లెక్క ఇలా వేసుకోండి. 3:40కి బియ్యం నాన. 4కి కుక్కరు. 4:30కి పళ్లెంలో పరిచి నూనె, పసుపు. ఫ్యాను కింద 15 నిమిషాలు. 4:45కి కలపడం. 5:30 దాకా పళ్లెంలోనే వదిలి, అప్పుడు డబ్బా. దద్ధ్యోజనం అన్నం కుక్కరులో రెండో గిన్నెగా పెడితే రెండు పొయ్యిల పని తప్పుతుంది. నీళ్లు వేరు కాబట్టి గిన్నెలు వేరుగానే ఉండాలి. మెత్తగా కావలసిన గిన్నె కింద, పులిహోర గిన్నె పైన.

టిఫినుకు కారప్పొడి ఇడ్లీ. ఇడ్లీ పూర్తిగా ఆరనిచ్చి, రెండువైపులా నువ్వుల నూనె రాసి పొడి అద్దండి. వేడి ఇడ్లీకి అద్దితే పొడి తడిసి బురద అవుతుంది. కొబ్బరి చట్నీ జోలికి పోకండి, రైల్లో చేతులకు పట్టే సంగతి అటుంచి, ఎండ తగిలితే ముందు పాడయ్యేది అదే.

---

కిటికీ_సీటు:

తినే చోటు. గుడి ప్రాకారం లోపల తినకూడదు. గుడికి 200 మీటర్ల దూరంలో పెద్ద నంది, చుట్టూ తోట ఉన్నాయి. అయితే దాన్ని కూడా పురావస్తు శాఖే చూసుకుంటుంది కాబట్టి ముందు కాపలావాళ్లను అడిగి, బయట చెట్టునీడ చూసుకుని కూర్చోండి. అడుగున పరవడానికి పాత దుప్పటి, చేతులకు విడిగా ఒక లీటరు నీళ్లు, విస్తళ్లు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి. తాగే నీళ్లు తలకు లీటరున్నర.

గుడి లోపల మాత్రం నేల మీద చెక్కిన రాతి కంచాలు కనబడతాయి, కూరలకు గుంటలతో సహా. శిల్పులు అందులో తినేవాళ్లని ఊళ్లో చెబుతారు. పాపకు చూపించండి.

విదురాశ్వత్థం హిందూపురం వెళ్లే రైలు దారిలోనే, గౌరిబిదనూరు దాటాక వస్తుంది. 1938 ఏప్రిల్ 25న అక్కడ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. కన్నడనాట దాన్ని దక్షిణాది జలియన్‌వాలాబాగ్ అంటారు. చూడాల్సిన చోటే, కానీ ఈ ఆదివారం కాదు. అక్కడ ఆగే బళ్లు తక్కువ, ఒకటి తప్పితే లేపాక్షిలో మీ పొద్దుటి చల్లదనం పోతుంది. పెద్దావిడతో రెండూ ఒకే రోజు పెట్టుకోవద్దు. వెళ్లేటప్పుడు కిటికీలోంచి పాపకు బోర్డు చూపించి కథ చెప్పండి, చాలు.

---

పాత_అట్ట:

సామాను జాబితాలో రెండు చేర్చండి. చేతి అద్దం, అరచేతి కన్నా కాస్త పెద్దది. మండపంలో స్తంభానికి ఆనుకుని కూర్చుని అద్దం ఒళ్లో పెట్టుకుంటే పైకప్పు మొత్తం ఒళ్లోకి దిగుతుంది. అత్తయ్యగారు మెడ ఎత్తకుండా చూడవచ్చు. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి, అంతే. రెండోది దుర్భిణి, ఉంటే. ఫోను ఫ్లాషు, టార్చి వేయకండి. పొద్దుటి వెలుతురు పక్కల నుంచి వచ్చి నేల మీద పడి పైకి తట్టే వేళ 9, 10 మధ్య. కళ్లు ఆ మసకకు అలవాటు పడడానికి 5 నిమిషాలు ఇవ్వండి.

కిరాతార్జునుల బొమ్మ దగ్గర ముందు పందిని వెతకండి. అటూ ఇటూ బాణాలు ఎక్కుపెట్టిన ఇద్దరిలో ఎవరు ఎవరో అప్పుడు తేలుతుంది. గిరిజా కల్యాణంలో ఆడవాళ్ల చీర అంచులు ఒక్కొక్కటీ ఒక్కో రకం. పాప కాగితం, పెన్సిలు తెచ్చుకుంటే నాలుగు అంచులు గీసుకోమనండి. లేపాక్షి అంచు అని చీరల కొట్లో అమ్మేది ఇక్కణ్నుంచి ఎత్తుకున్నదే.

మగవాళ్ల తలల మీద పొడుగాటి టోపీలుంటాయి. అవే కుళ్లాయిలు. విజయనగర కొలువులో పెద్దలు పెట్టుకునేవి. శ్రీనాథుడు అక్కడికి వెళ్లి, కుళ్లాయి పెట్టాను, కోక చుట్టాను, చల్లా అంబలి తాగాను, ఇంకా దయ రాలేదా అని కన్నడ రాజ్యలక్ష్మికి మొర పెట్టుకున్న చాటువు తెలిసిందే కదా. ఆయన ఈ గుడికి వందేళ్లు ముందటివాడు, కానీ ఆ టోపీ అదే. బెంగళూరు తెలుగువాళ్లకు ఆ పద్యం కాస్త ఎక్కువే తగులుతుంది. మజ్జిగ_కవ్వం గారు చెప్పిన అంబలి సీసా తీసేటప్పుడు అత్తయ్యగారిని అడగండి, ఆ తరంవాళ్లకు పద్యం నోటికి వచ్చే ఉంటుంది.

వేలాడే స్తంభం దగ్గర గుడ్డ దూర్చేవాళ్ల వరస ఎప్పుడూ ఉంటుంది. దాన్ని చివరికి పెట్టుకోండి. వంగి చూస్తే స్తంభం ఒక మూల నేలకు ఆనుతూనే ఉంటుంది. మిగతా మూడువైపులా వెలుతురు కనబడుతుంది.

---

మజ్జిగ_కవ్వం:

శ్రీనాథుడు ఆ అంబలిని మెచ్చుకోలేదండీ, తిట్టాడు. ఆ పద్యంలో వెల్లుల్లి, నువ్వుపిండి ప్రస్తావన కూడా ఉంది. మీ అత్తయ్యగారికి వెల్లుల్లి పనికిరాదేమో, నా కొలతలో అది లేదు. కానీ అంబలితో పాటు నంజుకోవడానికి చల్లమిరపకాయలు 8 వేయించి పెట్టుకోండి. నూనె కాగాక మంట తగ్గించి, గోధుమరంగు తిరగ్గానే తీసేయాలి. గిన్నెలో వేడికి ఇంకా నల్లబడతాయి. పూర్తిగా చల్లారాక గట్టి మూత డబ్బాలో, అడుగున కాగితం పరిచి. దద్ధ్యోజనం డబ్బాతో ఒకే క్యారియరు గిన్నెలో పెట్టారో, హిందూపురం వచ్చేసరికి మెత్తబడతాయి.

---

హెబ్బాళ_వంతెన:

అత్తయ్యగారిని అడిగాను. పద్యం మొత్తం వచ్చు. అంబలిలో వెల్లుల్లి వద్దట, ఆవ పొట్లం మాత్రం రెండు కట్టమన్నారు.